గౌతమి ఒడ్డున ఫ్రెంచి పాఠం

కాకినాడ నుంచి తాళ్లరేవు మీదుగా కిందికి వస్తే గౌతమీ గోదావరి ఒడ్డున యానాం. బాలయోగి వారధి దాటితే అవతల ఎదుర్లంక, ఆపైన కోనసీమ. ముప్పై చదరపు కిలోమీటర్ల ఈ ఊళ్లో ఫ్రెంచివాళ్లు 1723లో కాలుపెట్టారు. నాలుగేళ్లకే వదిలేసి వెళ్లి 1731లో తిరిగొచ్చారు. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్లు లాక్కున్నా, 1954 దాకా ఊరు ఫ్రెంచివాళ్లదే. బ్రిటిష్ ఏలుబడిలో బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్లిళ్లకు చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఇక్కడికే తరలివచ్చేవి. యానానికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. చట్టం వేరు, నాణెం వేరు, కచేరీ భాష కూడా వేరు.

ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్‌లో యానాం విముక్తమైంది. 1956 మే 28న భారత్, ఫ్రాన్సు సంతకాలు చేసిన ఒప్పందంలో భాష గురించి కూడా ఒక మాట ఉంది: ఎన్నికైన ప్రజాప్రతినిధులు కాదనేదాకా యానాంలాంటి పాత ఫ్రెంచి ప్రాంతాల్లో ఫ్రెంచి అధికార భాషగా కొనసాగాలి. ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. వీధిలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ తెలుగే.

ఇప్పుడు డెల్టాలో ఎవరైనా ఫ్రెంచి నేర్చుకోవాలంటే చేతికందేవి ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన పుస్తకాలు, ఇంగ్లీషులో చెప్పే వీడియోలు. ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాడికి ఏది కష్టమో అదే వాటిలో మొదటి పాఠం. ఆ కష్టాల్లో సగం తెలుగువాడివి కావు. మాటల దగ్గర ఇంగ్లీషు సాయం ఎక్కువే. చెవి దగ్గర, వ్యాకరణం దగ్గర మాత్రం తెలుగు మీదుగా వెళ్లేదే దగ్గరదారి.

ముందు ధ్వనులు. లండన్‌వాడు ఫ్రెంచి ‘త’ను ‘ట’లా పలుకుతాడు. ‘పారీ’ అనమంటే ‘ప’ తర్వాత గాలి ఊదుతాడు. ప, ఫ వేరువేరు అక్షరాలుగా దిద్దినవాడికి, త, ట తేడా పలకమీదే తెలిసినవాడికి ఆ బాధ లేదు. ముక్కుతో పలికే అచ్చులు ఇంగ్లీషువాళ్లకు మరో గండం. ‘వేఁ’ అంటే ద్రాక్షసారా, ‘వాఁ’ అంటే గాలి, ‘వోఁ’ అంటే వెళ్తారు. మూడూ వరసగా పలికి చూస్తే ఆఖర్న ‘న్’ ఎక్కడా వినపడకూడదు. పాత పద్యాల పుస్తకాల్లో తప్ప కనపడని అరసున్న ఈ ధ్వనులు రాసుకోవడానికి ఇట్టే పనికొస్తుంది.

కొత్తగా నోటికి పట్టించాల్సినవీ ఉన్నాయి. పెదవులు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ‘ఈ’ అనాలి. ఈ అచ్చు రాకపోతే వీధి చక్రమైపోతుంది, ఎందుకంటే ఆ రెండు మాటలకూ తేడా అదొక్కటే. ‘ర’ నాలుక చివర ఆడదు, గొంతు వెనక గరగరలాడుతుంది. తెలుగువాడి అసలు దురలవాటు మరొకటి: హల్లుతో ముగిసే మాట వినగానే చివర ఉకారం తగిలించడం. ‘మదామ్’ మన నోట్లో ‘మదాము’ అవుతుంది. పెదవులు మూసి మాట అక్కడే ఆపడం సాధన చేయాలి.

ఈ ఉచ్చారణ సూత్రాలు యానాం పాత కాగితాల్లోనే దొరుకుతాయి. అక్కడి పేర్లను ఫ్రెంచి లెక్కన రోమన్ లిపిలో రాశారు. నాయుడు చివర ‘యు’ ఒక్కటే రాస్తే పెదవులు ముడుచుకున్న ఆ ‘ఈ’ పలుకుతుంది కాబట్టి ‘ఓ’, ‘యు’ రెండక్షరాలూ కలిపి రాస్తారు. సుబ్రహ్మణ్యంలో ‘సు’ కూడా అంతే. రెండు అచ్చుల మధ్య ఒంటరి ‘ఎస్’ ఫ్రెంచిలో ‘జ’ అవుతుంది. అందుకే ప్రసాద్‌లో, పరశురామ్‌లో ‘ఎస్’ జంటగా పడుతుంది. లేకపోతే ప్రజాద్, పరజురామ్ అయిపోతారు. యానాం రాజకీయాల్లో పేరున్న పరశురామ వరప్రసాదరావు నాయుడు గారి పేరును ఈ పద్ధతిలో రాస్తే ఈ రెండు సూత్రాలకూ సరిపడా ఉదాహరణలు ఒక్కచోటే దొరుకుతాయి.

వినడంలో అసలు చిక్కు మాటకూ మాటకూ మధ్య గోడ లేకపోవడం. ‘లె’ అనేది బహువచన సూచకం, ‘అమి’ అంటే స్నేహితుడు. రెండూ కలిస్తే ‘లెజమి’. ఆ ‘జ’ ఎక్కడిదని కొత్తవాడు తలపట్టుకుంటాడు. రాతలో ‘లె’ చివర నోరు మెదపకుండా కూర్చున్న ‘ఎస్’ అచ్చు తగలగానే ‘జ’గా లేస్తుంది. ఏకవచనంలో ‘ల్యొ’ మీద ‘అమి’ పడితే ముందున్న అచ్చు లోపించి ‘లమి’ అవుతుంది. ఉత్వసంధిలో రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టే. ఎనిమిదో తరగతిలో పదాలు విడదీసి సంధి పేరు రాయడానికి పడిన తిప్పలు ఇక్కడ అక్కరకొస్తాయి. విన్న వాక్యాన్ని కాగితం మీద ముక్కలుగా విడగొట్టడం ఫ్రెంచి చెవికి మొదటి వ్యాయామం.

అంకెలు రెండోది. ఫ్రాన్సులో ఫోను నంబరును రెండేసి అంకెలుగా చదువుతారు. ‘సొవసాఁత్’ అని వినపడగానే చెయ్యి 6 వేసేస్తుంది, కానీ వెనకే ‘దూజ్’ వస్తే అది 72. డెబ్బై రెండును వాళ్లు అరవై పన్నెండు అంటారు. తొంభై ఏడు నాలుగు ఇరవైల పదిహేడు. జత పూర్తయ్యేదాకా కలం కదపకూడదు. బస్సు టిక్కెట్ల మీదా, కరెంటు బిల్లు మీదా ఉన్న అంకెలను రెండేసి చొప్పున బిగ్గరగా చదివితే కొద్దిరోజుల్లో ఈ తడబాటు పోతుంది. మాట్లాడే వేగం సంగతి వేరు. పుస్తకంలో ‘జ్యొ న్యొ సే పా’ అని నాలుగు ముక్కలుగా ఉన్న ‘నాకు తెలియదు’ వీధిలో ‘షే పా’ అయిపోతుంది. అందుకని ఒకటే నిమిషం రికార్డింగు తీసుకుని, రాత చూడకుండా ఒకసారి, చూస్తూ ఒకసారి, మళ్లీ చూడకుండా ఒకసారి వినాలి.

మాటల కోసం ఇంగ్లీషును నిస్సంకోచంగా వాడుకోవచ్చు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాజ్యం, న్యాయం, వంటలకు సంబంధించిన ఫ్రెంచి మాటలు గుంపులుగా ఇంగ్లీషులోకి దిగాయి. రాజమండ్రిలో వ్యాజ్యం వేసినవాడి నోట్లో రోజూ నలిగే కోర్టు, జడ్జి, అప్పీలు ఆ సంతతే. మోసపోయే చోట్లూ ఉన్నాయి: ‘లిబ్రెరీ’ గ్రంథాలయం కాదు, పుస్తకాల దుకాణం. ‘మొనె’ దుకాణంలో వినపడితే చిల్లర.

తెలుగువాడికి ఇంకో ఖజానా ఉంది, సంస్కృతం. గాస్తోఁ కెర్దూ అనే జెసూట్ ఫాదరీ 1691లో ఫ్రాన్సులో పుట్టి, దక్షిణదేశంలో మతప్రచారం చేస్తూ తెలుగు నేర్చుకుని, తెలుగు, ఫ్రెంచి, సంస్కృతాలకు కలిపి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికం గురించి 1767లో పారిస్ పండితులకు రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పింది 1786లో. కెర్దూ రాసింది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది, పేరంతా జోన్స్‌కు దక్కింది. లాటిన్ బిడ్డ ఫ్రెంచి కాబట్టి చుట్టరికం నేటికీ కనిపిస్తుంది: సప్తకు ‘సెత్’, నవకు ‘నఫ్’, దంతానికి ‘దాఁ’, పాదానికి ‘పియె’, జానువుకు ‘జ్యొను’, నామానికి ‘నోఁ’.

లింగం దగ్గర చాలామంది చతికిలపడతారు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. కారణం అడిగితే జవాబు లేదు. మన వీధిబడుల్లో అమరకోశం వల్లె వేయించిన పంతుళ్లకు ఈ సమస్యకు మందు తెలుసు. అమరం అసలు పేరు నామలింగానుశాసనం. స్వర్గం, దిక్కులు, నీళ్లు, ఊరు, చెట్లు అంటూ మాటలను వర్గాలుగా కట్టి, మాటతోపాటే దాని లింగాన్నీ నోటికి పట్టించడం ఆ పుస్తకం పద్ధతి. ఫ్రెంచి మాటలకూ అదే పాటించాలి. ‘తాబ్ల్’ అని ఒంటిగా రాసుకోకూడదు, ‘లా తాబ్ల్’ అనే రాసుకోవాలి. వంటగది మాటలన్నీ ఒక రోజు, రేవులో పడవ మాటలన్నీ ఒక రోజు. క్రియలకు శబ్దమంజరి పద్ధతి ఉండనే ఉంది: రామః రామౌ రామాః అని రాగం తీసినట్టే ‘జ్యొ సుయ్, తు ఎ, ఇల్ ఎ’ అని రోజూ పైకి చదవాలి.

మర్యాదలో తెలుగువాడు నేర్చుకోవాల్సింది తక్కువే. ఇంగ్లీషువాడికి ‘తు’ ఎప్పుడు, ‘వు’ ఎప్పుడు అన్నది పెద్ద ప్రశ్న. నువ్వు, మీరు తెలిసినవాడికి అది అడగక్కర్లేని సంగతి. ఫ్రెంచి దుకాణంలో ‘బోఁజూర్ మదామ్’ అనకుండా సరుకు అడిగితే మొరటుతనం. ప్రతి మాటకూ ‘ఆయ్’, ‘అండి’ తగిలించే గోదావరివాడికి ఇది పుట్టుకతో వచ్చిన విద్య.

వీటన్నిటినీ ఒకేసారి పరీక్షించే ఫ్రెంచి బడి సంప్రదాయం ‘దిక్తే’, అంటే పంతులు చదువుతుంటే రాయడం. మన డిక్టేషన్‌లా స్పెల్లింగుతో ఆగదు. ‘ఇల్ పార్ల్’ అంటే అతను మాట్లాడతాడు, వాళ్లు మాట్లాడతారు అని రెండర్థాలు. చెవికి తేడా ఉండదు, రాతలో ఉంటుంది. ముందూ వెనకా వాక్యాలు చూసి ఏకవచనమో బహువచనమో తేల్చుకోవాలి. క్రియ అచ్చుతో మొదలైతే మాత్రం చెవే చెబుతుంది: ‘ఇలెమ్’ అంటే అతను ప్రేమిస్తాడు, ‘ఇల్‌జెమ్’ అంటే వాళ్లు ప్రేమిస్తారు. 1857లో మూడో నెపోలియన్ కొలువులో రచయిత ప్రొస్పెర్ మెరిమే ఒక దిక్తే చదివితే చక్రవర్తికి 75 తప్పులు పడ్డాయని, ఆస్ట్రియా రాయబారి మెట్టర్నిక్‌కు మూడే పడ్డాయని చెప్పుకుంటారు. పరాయివాడు చెవినీ వ్యాకరణాన్నీ కలిపి సాధన చేస్తే సొంతవాళ్లనూ దాటగలడని పంతుళ్లు ఇప్పటికీ ఆ కథే చెబుతారు.

ఏది ముందు నేర్వాలన్నది ఎందుకు నేర్చుకుంటున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. డెల్ఫ్ అనే ఫ్రెంచి భాషా పరీక్షకు వెళ్లే విద్యార్థికి వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటికీ పాతికేసి మార్కులు. వందకు యాభై రావాలి, ఏ ఒక్కదానిలోనూ అయిదుకు తగ్గకూడదు. వినడం వదిలేసి వ్యాకరణంతో గట్టెక్కుదామంటే కుదరదు కాబట్టి అతను రికార్డింగులతో మొదలుపెట్టాలి. ముత్తాత జనన నమోదు వెతుక్కునే యానాం కుటుంబానికి మాట్లాడడంతో పని లేదు. పాత ఫ్రెంచి రిజిస్టర్లలో సంవత్సరాన్ని అంకెల్లో కాక అక్షరాల్లో రాసేవారు. సంఖ్యల పేర్లు, నెలలు, చుట్టరికాలు, వృత్తుల పేర్లు, ఆ ‘ఓ’, ‘యు’ల లెక్క తెలిస్తే వాళ్ల పేజీ వాళ్లే చదువుకోవచ్చు.