ఏకాకి బాలుని కథ: ఆలంబనమా, ఆశ్రయమా?

తల్లిదండ్రుల తోడు లేక దేశసరిహద్దులు దాటివచ్చు పిల్లల కథ చేతికి వచ్చినంతనే 'కరుణరసభరితము' అని నిర్ణయించుట మనకు అలవాటు. ఈ నిర్ణయము శాస్త్రసమ్మతమగునా యని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. అందులకు ఒకే సరిహద్దును గూర్చిన రెండు గద్యగ్రంథములను గ్రహించుచున్నాను.

మొదటిది మెక్సికోలో జన్మించిన రచయిత్రి వలేరియా లూయిసెల్లి 2017లో ఆంగ్లమున ప్రకటించిన 'టెల్ మి హౌ ఇట్ ఎండ్స్'. 2014 ఆర్థికసంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణపు సరిహద్దున తోడు లేక పట్టుబడిన పిల్లలు 68 వేలకు పైబడిరి. వారిలో పెక్కుమంది గ్వాటెమాలా, హొండురాస్, ఎల్ సాల్వడార్ దేశములవారు. న్యూయార్కు వలసన్యాయస్థానమున లూయిసెల్లి అట్టి పిల్లలకు దుబాసిగా పనిచేసిరి. వారిని అడుగవలసిన ప్రశ్నలు 40. గ్రంథనిర్మాణమునకు ఆ ప్రశ్నావళియే ఆధారము. అచట ప్రభుత్వవ్యయముతో న్యాయవాదిని పొందు హక్కు లేదు. పిల్లల సమాధానములలో బలమున్ననే వారి పక్షమున వాదించువారు దొరకుదురు. కాని పిల్లల జ్ఞాపకము ప్రశ్నల వరుసలో నడువదు. ముందువెనుకలు లేక ముక్కలుగా వచ్చును. ఈ అంతరమును కప్పిపుచ్చక చూపుట గ్రంథమునకు గుణము. అయినను ఇందు బాలుడు చూడబడువాడే. చలించు హృదయము రచయిత్రిది.

రెండవది ఎల్ సాల్వడార్‌లో జన్మించిన కవి హవియేర్ సమోరా ఆత్మకథనము 'సోలీతో' (2022). తొమ్మిదేండ్ల ప్రాయమున, 1999లో, ఆయన స్వదేశమును విడిచి, గ్వాటెమాలా, మెక్సికోల మీదుగా సొనోరా ఎడారిని దాటి, ముందే అమెరికా చేరియున్న తల్లిదండ్రులను కలిసికొన్న వృత్తాంతమిది. రెండు వారములనుకొన్న ప్రయాణమునకు తొమ్మిది వారములు పట్టెను. బూట్ల త్రాళ్లు ముడివేసికొన చేతగాదను సిగ్గు, ఎడారి మొక్కలకు తనకు తోచిన పేర్లు పెట్టుకొనుట, దారిలో కలిసిన అపరిచితులు క్రమముగా కుటుంబమగుట, ఇవన్నియు బాలుని చూపులోనే సాగును.

భరతుడు కరుణమును నిరపేక్షభావముగను, విప్రలంభమును సాపేక్షభావముగను వేరుపరచెను. మరల కలియుదుమను ఆశ యున్నచోట కరుణము ప్రధానము కానేరదు. సమోరా బాలుడు ఆ ఆశతోనే అడుగు వేయుచున్నాడు. కావున ఇచట కరుణము అంగమే గాని అంగి కాదు. విప్రలంభము శృంగారభేదము గనుక అదియు చెల్లదు. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున అంగీకరించిన వత్సలరసము సన్నిహితముగా కనబడును. కాని అందు పుత్రాదులు ఆలంబనము. భావమునకు ఆశ్రయము పెద్దలు. లూయిసెల్లి గ్రంథము ఈ లక్షణమునకు ఒదుగును. సమోరా గ్రంథమున ఈ సంబంధము తలక్రిందగుచున్నది. వాత్సల్యమును కోల్పోయి, దానిని పరాయివారియందు వెదకికొను బాలుడే భావమునకు ఆశ్రయము. ఈ స్థితికి మన లక్షణగ్రంథములలో సరిపడు పేరు లేదు.

ముప్పది దాటిన కవి తొమ్మిదేండ్లవానివలె పలుకుట కృతకము కాదా యని ఆక్షేపింపవచ్చును. దీర్ఘసంభాషణలు కొన్నిచోట్ల ఆ శంకకు తావిచ్చుచున్న మాట నిజమే. వానిని యథాతథములని నమ్మవలసిన పనిలేదు. బాలునకు తెలియని రాజకీయకారణములను అతని నోట పలికింపకుండుటలో కవి ఔచిత్యమును పాటించెను. విశ్వాసమునకు ఇంతకుమించిన ఆధారము అక్కరలేదు.

ఇది కేవలము పరిభాషను గూర్చిన వివాదము కాదు. కరుణమను ముద్ర వేసినపుడు, బాలుడు దీనుడైననే కథకు అర్హుడను నియమమును మనమే విధించుచున్నాము. అతనిలోని నవ్వు, కోపము, సిగ్గు అప్రస్తుతములగును. న్యాయస్థానము అతనినుండి పొందికగల దుఃఖమును కోరును. విమర్శకుడును దానినే కోరినచో ఇరువురకు భేదమేమి? బాలుని ఆశ్రయముగా గ్రహించి రసచర్చ చేయుట పరిశోధకులు పూనదగిన పని. పోతన ధ్రువచరిత్రమును సైతము ఈ దృష్టితో మరల చదువవచ్చును.