కరిచే ముందు కుక్క చెప్పే మాటలు

“తోక ఆడిస్తోంది, ఏమీ చెయ్యదులే” అంటూ పిల్లవాణ్ణి కుక్క ముందుకు తోసే పెద్దలను చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. తోక ఊగుతోందంటే ఆ కుక్క ఉద్రేకంలో ఉందని మాత్రమే అర్థం. అది సంతోషమో, కోపమో, భయమో చెప్పేది మిగతా ఒళ్లు. నడుము దాకా మెలికలు తిరుగుతూ, నోరు సగం తెరిచి, చెవులు వదులుగా వాల్చితే స్నేహం. తోకను కర్రలా నిలబెట్టి కొస మాత్రం బిరుసుగా ఆడిస్తూ, నోరు మూసుకుని, రెప్ప వేయకుండా చూస్తోందా, అక్కడే ఆగిపోవాలి.

ఈ రెండు భంగిమలనూ చార్లెస్ డార్విన్ 1872లో, మనుషులూ జంతువులూ భావాలను ఎలా వ్యక్తం చేస్తారో చెప్పే పుస్తకంలో వర్ణించాడు. కొత్తవాడనుకుని బొచ్చు నిక్కబొడుచుకుని నిటారుగా నడిచొచ్చే కుక్క, తీరా వచ్చింది యజమానే అని గుర్తుపట్టగానే ఒళ్లు వంచి, చెవులు వెనక్కి వాల్చి, తోక ఊపేస్తుంది. కోపం ఆకారాన్ని తిరగేస్తే ప్రేమ ఆకారం వస్తుందని ఆయన గమనించాడు. నూట యాభై ఏళ్లు దాటినా, కుక్కను చదవడం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి మొదటి పాఠం నాకు కనిపించలేదు.

సాటి కుక్కతో మాట్లాడేటప్పుడూ అంతే. మర్యాద తెలిసిన కుక్క ఎదురుగా దూసుకురాదు. కాస్త వంపు తిరిగి, పక్కనుంచి వచ్చి వాసన చూస్తుంది. ముందుకాళ్లు నేలకు ఆనించి వెనకభాగం పైకెత్తిందంటే ఆటకు పిలుపు. ఆటలో కాస్త గట్టిగా కరిచే ముందో, కరిచిన తర్వాతో కుక్కలు ఈ భంగిమను ఎక్కువగా వాడతాయని అమెరికా శాస్త్రవేత్త మార్క్ బెకాఫ్ గుర్తించాడు. “ఇది ఆటే సుమా” అని చెప్పుకోవడం అన్నమాట. ఒకటి తరుముతూ, ఇంకొకటి తప్పించుకుంటూ, వంతులు మారుతున్నంతసేపూ మనం కలగజేసుకోనక్కర్లేదు. ఒకటి ఉన్నట్టుండి బిగుసుకుపోతే విడదీయాలి.

అసలు చిక్కంతా చిన్న సంకేతాలతోనే. నార్వేకు చెందిన శిక్షకురాలు తూరిద్ రూగాస్ వీటిని శాంతింపజేసే సంకేతాలన్నారు. పిల్లవాడు మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకుంటాడు. కుక్క మొహం పక్కకు తిప్పుకుంటుంది. తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. కంటి కొసన తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. వదిలెయ్యమని అది నాలుగుసార్లు చెప్పినట్టే. మనం మాత్రం ఫోటో తీస్తూ ఉంటాం.

“తప్పు చేసిన మొహం” కూడా అలాంటిదే. పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిట్టినప్పుడే కుక్కలు ఆ మొహం ఎక్కువగా పెట్టాయి. తలవంచి తోక ముడిచేది పశ్చాత్తాపంతో కాదు, మన కోపాన్ని చల్లార్చడానికి.

ఇవేవీ పనిచేయనప్పుడే కుక్క గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే దాని భయం పోదు, హెచ్చరించే అలవాటు పోతుంది. “ఉన్నట్టుండి కరిచింది” అని మనం చెప్పుకునే కుక్కల్లో చాలావాటి వెనక ఇలా నోరు నొక్కేసిన కథే ఉంటుంది.

అమ్మలారా, నాన్నలారా, మీ కుక్క పిల్లవాడి మీద గుర్రుమంటే దాన్ని కొట్టకండి. ముందు పిల్లవాణ్ణి నెమ్మదిగా పక్కకు తీసుకెళ్లండి.