నేగమశబ్ద విచారము

నల్లకుంటలో వీథిదీపము వెలుగకున్నను, మురుగుకాలువ పొంగినను జనులు తలచుకొను పేరు 'కార్పొరేటరు'. ఈ మాటకు సాటియగు ప్రాచీనపదము మనకు లేదా యని పరిశోధక విద్యార్థులు మమ్మడుగుచుందురు. ఆంధ్రదేశమున దొరకిన అతిప్రాచీన శాసనములలోనే అట్టిదిగా చెప్పదగిన పదమొకటి కలదు. అది ప్రాకృతమున 'నేగమ'. దానికి పురపాలకసభ్యుడను నర్థమును తడవుకొనక యంటగట్టవచ్చునా యనునదే యిచట విచార్యము.

1892లో అలెగ్జాండరు రే భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించి ధాతుకరండములను వెలికితీసెను. వానిపై లేఖములను బ్యూలరు పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' రెండవ సంపుటమున ప్రకటించెను. అవి క్రీస్తుపూర్వపు 3, 2 శతాబ్దులనాటివని పండితుల తలంపు. ఒక లేఖమున 'నేగమా' అని యారంభించి వరుసగా పేర్లు మాత్రమే చెప్పబడినవి. మఱియొకదానిలో నిగమపుత్రుల గోష్ఠి యొకటి కానవచ్చును. దానికి ప్రముఖుడు రాజు. కుబేరకుడను రాజు సింహగోష్ఠికి ప్రముఖుడని అందే కలదు.

వ్యుత్పత్తి సులభమే. నిగమమునకు సంబంధించినవాడు నైగముడు. ఐకారము ప్రాకృతమున ఏకారమగుటచే నేగమరూపము సిద్ధించినది. చిక్కంతయు అర్థముననే యున్నది. అమరసింహుడు నైగమశబ్దమును వణిక్పర్యాయములలో చేర్చెను. యాజ్ఞవల్క్యస్మృతిలోని నైగమశబ్దమునకు విజ్ఞానేశ్వరుడు వేదప్రామాణ్యము నంగీకరించు పాశుపతాదులని మితాక్షరలో వ్యాఖ్యానించెను. కాత్యాయనుని పేర నిబంధకారు లుదాహరించు లక్షణమునుబట్టి నానాపౌరుల సమూహమే నైగమము. వర్తకుడు, వైదికుడు, పౌరసమూహము అను మూడర్థములు ఒక్కపదమున నిమిడియున్నవి.

కాశీప్రసాద్ జాయస్వాల్ 1924లో ప్రకటించిన 'హిందూ పాలిటీ'లో నైగమమును పౌరసభతో సమానముగా గ్రహించి, పౌరజానపదములను రాజును నియమింపగల సభలుగా చిత్రించెను. అల్టేకరు ఈ సిద్ధాంతమును నిరాకరించెను. జాయస్వాలుగారి వాదమున కొంత సత్యము లేకపోలేదు. నాసిక్ గుహాశాసనమున ఉషవదాతుడు 3000 కార్షాపణములను అక్షయనిధిగా నొసగెను. అందు 2000 ఒక సాలెల శ్రేణియొద్ద నెలకు నూటికొక్కటి వడ్డికిని, 1000 వేఱొక శ్రేణియొద్ద ముప్పాతిక వడ్డికిని ఉంచబడెను. ఈ దానము నిగమసభలో వినిపింపబడి, ఫలకమున నిబద్ధమైనది. కావున అచ్చట నిగమమునకు సభయు, లేఖనవ్యవహారమును కలవనుట నిస్సంశయము. గుప్తులనాటి దామోదరపుర తామ్రశాసనములలో నగరశ్రేష్ఠి, సార్థవాహుడు, ప్రథమకులికుడు, ప్రథమకాయస్థుడు అధికారితో గూడి వ్యవహరించుట స్పష్టము.

కాని నాసిక్కున కనబడినదానిని అంతకు పూర్వపుదగు భట్టిప్రోలున కారోపించుట పొరపాటని మా యభిప్రాయము. భట్టిప్రోలు లేఖములలో పదవులు లేవు, పన్ను లేదు, తీర్పు లేదు. కూడి దానముచేసిన వారి పేర్లు మాత్రమే కలవు. కావున అచ్చట నేగము డనగా నిగమమునకు చెందినవాడని చెప్పుటయే సాధువు. అంతకుమించినది ఊహ. ఊహ తప్పు కాదు, ఊహను శాసనవచనముగా చూపుట తప్పు. ఎన్నికలు కూడ నుండెనని సిద్ధాంతవ్యాసములలో వ్రాయుట మఱింత సాహసము.

తెలుగు కావ్యములలో నిగమ మనగా వేదమే. తెనాలి రామకృష్ణుడు కథానాయకునకు నిగమశర్మయని పేరిడుట ఆ యర్థముననే. సంఘార్థమున మన శాసనములు వేఱుపదములను గ్రహించినవి. కాకతీయులనాటి 'నకరము' వర్తకసంఘము, 'ఉభయనానాదేశి పెక్కండ్రు' అనునదియు నట్టిదే. నేడు ఉత్తరాదిని 'నగర్ నిగమ్' అను పేర ప్రాచీనశబ్దము పునరుజ్జీవించినది. మనము 'నగరపాలకసంస్థ' యనుచున్నాము.

కార్పొరేషను లాటిను భాషలో శరీరవాచియగు 'కార్పస్' నుండి పుట్టినది. పెక్కండ్రనగా పలువురు. నేగముడు నిగమమువాడు. ఈ మాటలన్నియు మొదట అధికారమును గాక కూటమిని తెలుపునవే. అధికారార్థము వ్యవహారమువలన పిదప సంక్రమించినది. అది ఎచ్చట, ఎప్పుడు సంక్రమించెనో శాసనమునకు శాసనముగా నిర్ణయించుటయే పరిశోధకుని పని.