మరమనిషి భాషలో పేర్ల పేచీ

యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయు భాషలు పెక్కు కొన్ని మాటలను తమకై కేటాయించుకొనును. వీనిని రిజర్వు పదములందురు. రోబోల పనిలో విరివిగా వాడు పైథాన్ భాషలో 3.7వ కూర్పు నుండి ఇట్టివి 35 కలవు. ‘ఇఫ్’, ‘క్లాస్’, ‘ఫ్రం’ అనునవి వానిలో కొన్ని. మోటారుకో, సెన్సారుకో ఈ మాటను పేరుగా పెట్టినచో ప్రోగ్రాము మొదలే కాదు. కనుక ఆ జాబితాను కంఠస్థము చేయుడని పాఠ్యగ్రంథములు చెప్పుచుండును. ఈ సలహా తప్పు కాదు గాని, చాలదు.

మొదటి సంగతి, జాబితా స్థిరమైనది కాదు. ‘అసింక్’ అను మాట 2018లో వెలువడిన పైథాన్ 3.7లో రిజర్వు పదమైనది. అంతకు ముందు దానిని పేరుగా వాడిన ప్రోగ్రాములు, వ్రాసినవారి తప్పేమియు లేకయే చెడినవి. 2021లో వచ్చిన ‘మాచ్’ విషయమున జాగ్రత్త వహించిరి. తగినచోట మాత్రమే అది ఆజ్ఞ. తక్కినచోట్ల మామూలు పేరే. ఇదియే మేలైన పద్ధతి. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో రిజర్వు పదములే లేవన్నది ఇచట గుర్తుంచుకొనదగినది.

రెండవది, భాషలు రెండైనపుడు చిక్కు హెచ్చును. పేరు చివర అడ్డుగీత చేర్చి పేచీ తప్పించుకొనుడని పైథాన్ శైలి నియమము. కాని రోబో భాగముల మధ్య సందేశములు నడుపు ఆర్.ఓ.ఎస్. 2లో, సందేశములోని అంశపు పేరు అడ్డుగీతతో ముగియరాదు! ఒకే సందేశమును పైథాన్, సి ప్లస్ ప్లస్ రెండును చదువవలెను. ‘ఫ్రం’ రెండవదానికి సమ్మతమే, మొదటిదానికి కాదు. ‘డిలీట్’ మొదటిదానికి సమ్మతమే, రెండవదానికి కాదు. ఒకచోటి మందు మరొకచోట పనిచేయదన్నమాట. ‘ఫ్రం’ అనుటకు బదులు ‘సోర్స్ ఫ్రేమ్’ అని అర్థవంతముగ పేరు పెట్టినచో అడ్డుగీతతో పనియే లేదు.

అన్నిటికంటె పెద్ద లోపము వేరొకటి. రిజర్వు పదమును యంత్రము వెంటనే నిరాకరించును, అది మేలే. నిరాకరింపని పేర్లే ప్రమాదకరములు. వేగపు హద్దుకు ‘మాక్స్’ అని పేరు పెట్టిన పైథాన్ ఊరకుండును. తరువాత రెండు దూరములలో పెద్దదానిని కనుగొనుటకు ‘మాక్స్’ను పిలిచినపుడు ప్రోగ్రాము ఆగిపోవును. అప్పటికి రోబో కదలికలో నుండవచ్చును. ప్రత్యేకముగ ఆపు ఏర్పాటు లేనిచో, మోటారు చివరి ఆజ్ఞనే పాటించుచు పోవచ్చును. అట్లే తన ఫైలుకు ‘సీరియల్’ అని పేరు పెట్టిన విద్యార్థి, రోబోతో మాటలాడు అదే పేరుగల లైబ్రరీని పిలువబోయి తన ఫైలునే పిలుచుకొనును. తప్పు తీగలో నున్నదని గంటలకొలది వెదకును.

కాబట్టి ఉపాధ్యాయులు జాబితాను వల్లె వేయించుటతో తృప్తి పడరాదు. వస్తువేది, కొలతయేది, దాని ప్రమాణమేది అను మూడును తెలుపునట్లు పేరు పెట్టించవలెను. ‘ఎడమ చక్రము వేగము, సెకనుకు మీటర్లు’ అను భావము గల పేరును ఏ భాషయు తనదని లాగుకొనదు.