మధురవాణి ఎవరికి జవాబిస్తోంది?

గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం రంగస్థల కళల విభాగంలో చేరాలనుకునే అమ్మాయిలు కొందరు ఆడిషన్‌కి ముందు నా దగ్గరికొస్తారు. "మేడమ్, ఏ ముక్క చెయ్యమంటారు?" అనేది మొదటి ప్రశ్న. ముక్క అన్న మాట సరైనదే. మన పాత నాటకాల్లో ఆడవాళ్ళకి దొరికేవి చాలామటుకు ముక్కలే.

మగపిల్లలకి ఈ వెతుకులాట తక్కువ. ఏకపాత్రాభినయం అనగానే 'దానవీరశూరకర్ణ' (1977) దుర్యోధనుడు సిద్ధం. 'కన్యాశుల్కం' తెర లేవగానే గిరీశం ఒక్కడే నిలబడి తన గోడు చెప్పుకుంటాడు. మధురవాణి గొప్పదే, కాని ఆమె పదునంతా ఎదుటివాడికి ఇచ్చే జవాబులో ఉంది. ఆడిషన్ కోసం ఆ జవాబులన్నీ వరసగా కుట్టి, రామప్పంతులు మాటలు కొట్టేస్తే ఆమె గయ్యాళిలా వినిపిస్తుంది. ఎవడి మాటకి నవ్వుతోందో తెలియని నవ్వుకి అర్థమేముంటుంది? పంతులు మాట్లాడే చోట ఆగండి, అతన్ని వినండి అంటాను. "టైమైపోతుంది కదా మేడమ్" అంటారు. అయిపోనీ. నాలుగు జవాబులు చాలు.

ఎక్కువమంది తెచ్చేది కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో కాళింది. కట్నప్పెళ్ళికి తలవొంచలేక ప్రాణం తీసుకునే పిల్ల. ఏడుపుతో రెండు నిమిషాలు సులువుగా నిండుతాయి. చెల్లెలు కమల మాత్రం ఎవరికీ గుర్తురాదు. కొనుక్కున్న మొగుడు కాబట్టి కొన్నవాళ్ళింటికే రావాలని నిలదీసేది కమలే! కోపాన్నీ ఎగతాళినీ ఒకే గొంతులో పలికించాలి. నటికి అసలు పరీక్ష అక్కడుంది.

ఇంకో చిక్కు నడకది. స్త్రీ పాత్రలకి పేరుపడ్డ స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ వచ్చింది. చింతామణి అంటే బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రే అనుకున్న కాలం ఉంది. వాళ్ళ ప్రతిభని నేను కాదనను. కాని మగవాళ్ళు కట్టిన ఆ వాలుచూపూ, ఆ జడ విసురూ ఇప్పటికీ వేదిక మీద ఆడతనంగా చలామణీ అవుతున్నాయి. పగలంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో భుజాన ల్యాప్‌టాప్ వేసుకుని చకచకా నడిచే అమ్మాయి, మధురవాణి అనగానే నడుము తిప్పుతూ ఆ అరువు నడకే నడుస్తుంది. నీ నడక ఏమైంది అంటే తెల్లబోతుంది.

నాటకాల్లో దొరక్కపోతే కథల్లో వెతకమంటాను. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ఓల్గా 'విముక్త'లో 'సమాగమం' ఉంది. శూర్పణఖ తను పెంచిన తోటలో సీతతో మాట్లాడుతుంది. ఇక్కడ వినే మనిషీ స్త్రీయే. కాబట్టి గెలవడానికి మాట్లాడనక్కర్లేదు, గొంతు ఎత్తనక్కర్లేదు. పోయినేడు ఒకమ్మాయి దీన్ని ఎంచుకుని, "మా పాలమూరు యాసల చెప్తే మార్కులు కోస్తరా మేడమ్?" అంది. రచయిత్రి వాక్యం మార్చకు, పలుకుబడి నీదే ఉంచుకో అన్నాను. యాస తొందరగానే కుదిరింది. ముక్కు మాట వచ్చిన ప్రతిసారీ మొహం మీదికి పోయే చెయ్యిని ఆపడానికే పది రోజులు పట్టింది.