మంచు కట్టని రేవు

రష్యా వాయవ్య కొసన, కోలా అఖాతం ఒడ్డున ఉన్న మూర్మన్స్క్ ఆర్కిటిక్ వలయానికి ఎగువనున్న నగరాలన్నింటిలోకీ పెద్దది. అక్షాంశం దాదాపు 69 డిగ్రీలు. డిసెంబరు మొదటివారం నుంచి జనవరి రెండోవారం దాకా ఇక్కడ సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కాసేపు నీలపు మసక వెలుగు మాత్రం ఉంటుంది. అయినా రేవు నీళ్లు గడ్డకట్టవు. అట్లాంటిక్ నుంచి నార్వే తీరం వెంబడి వచ్చే వెచ్చని ప్రవాహమే కారణం. ఎంతో దక్షిణాన ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్ రేవుకు ఆ అదృష్టం లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో బాల్టిక్, నల్లసముద్రాల దారులు మూసుకుపోయాయి. మిత్రదేశాల సరుకు దించుకోవడానికి రష్యా ఇక్కడిదాకా హడావుడిగా రైలుమార్గం వేసి, 1916లో ఊరికి పునాది వేసింది. జార్ వంశం పేరు పెట్టారు. మరుసటి ఏడాది విప్లవంతో ఆ పేరూ పోయింది. రెండో యుద్ధంలోనూ మిత్రదేశాల ఓడలు ఇక్కడికే వచ్చాయి. జర్మన్ బాంబులకు చెక్క ఇళ్లు చాలావరకు తగలబడ్డాయి. ఆనాటి సైనికుల స్మారకంగా 1974లో కొండమీద నిలిపిన ‘అల్యోషా’ విగ్రహం ఎత్తు 35 మీటర్ల పైచిలుకు.

సందర్శకులు ఎక్కువమంది ధ్రువకాంతుల కోసం వస్తారు. మబ్బు పడితే అవి కనిపించవు. నిజానికి చూడవలసింది రేవులో లంగరేసిన ‘లెనిన్’ను. అణుశక్తితో నడిచిన మొట్టమొదటి ఉపరితల నౌక అది, మంచు విరిచే ఓడ (ఐస్‌బ్రేకర్). 1959 నుంచి 1989 దాకా పనిచేసి, ఇప్పుడు మ్యూజియమైంది. లోపల నున్నని చెక్క పలకల గదులు, ఒక పియానో. వాటికి కొద్ది దూరంలోనే రియాక్టర్లు. ఇలాంటి ఓడ మంచును కత్తిలా కోస్తుందని చాలామంది అనుకుంటారు. కోయదు. వాలుగా ఉన్న ముక్కుతో మంచు పలకమీదికి ఎక్కుతుంది, తన బరువుతోనే దాన్ని కిందికి విరుస్తుంది.

మంచు కట్టని రేవులో మంచు విరిచే ఓడలు దేనికి? ఇక్కడి నుంచి తూర్పుకు సైబీరియా తీరం పొడవునా సాగే ఉత్తర సముద్ర మార్గంలో కారా సముద్రం మొదలుకొని మంచు పేరుకుంటుంది. సరుకు ఓడలకు ముందు నడిచి దారి చేయాలి. అందుకే రష్యా అణు ఐస్‌బ్రేకర్ల స్థావరం ఇక్కడే ఉంది.

పోస్టుకార్డుల్లో కనిపించనిది బొగ్గు. రైళ్లలో వచ్చిన బొగ్గును నగరం నడిబొడ్డునే గుట్టలుగా పోసి ఓడలకెక్కిస్తారు. గాలి వీస్తే కిటికీ అంచుల మీద ఆ నల్లధూళి పేరుకుంటుంది. కార్డుల్లో కనిపించనిది మరొకటి, తగ్గిన జనం. సోవియట్ చివరి రోజుల్లో నాలుగున్నర లక్షలు దాటిన నగర జనాభా 2021 నాటికి 2.7 లక్షలకు తగ్గింది. జనాన్ని ఉత్తరాదికి రప్పించిన అదనపు జీతాలు, రాయితీలు సోవియట్ దేశంతోపాటే సన్నగిల్లడం అందుకు పెద్ద కారణం.