టిఫిన్ ముక్క

‘షార్ప్ ప్రాక్టీస్’ అనే యుద్ధం ఆటలో పేకముక్కల్లాంటి కట్ట ఒకటి ఉంటుంది. అందులో ఒక ముక్క పేరు టిఫిన్. అది పైకి రాగానే ఆ టర్న్ అయిపోతుంది. అప్పటిదాకా ఎవరి ముక్క రాలేదో, వాళ్ల సంగతి మళ్లీ ముక్కలు కలిపాకే. మొన్నొక శనివారం రాత్రి మా డైనింగ్ టేబుల్ మీద నేనొక్కణ్ణే రెండు సైన్యాలనీ నడుపుతుంటే, రాకూడని సమయంలో ఆ ముక్క వచ్చింది. నేను దాన్ని తిరిగి కట్టలోకి దోపేశాను. ఈ ఆట గురించి చెప్పాలనుకున్నవన్నీ ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నా.

ఈ సరదా తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వేలెడంత కూడా లేని బొమ్మ సైనికులకి రంగులు వేసుకుని, బల్ల మీద కొండలూ ఇళ్లూ పేర్చి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి నెపోలియన్ కాలం నాటి యుద్ధాలు ఆడతారు. దాన్ని ఆటగా నిలబెట్టేది నియమాల పుస్తకం. అలాంటి పుస్తకాలు చాలా ఉన్నాయి. ఒక్కోదానికీ యుద్ధం గురించి ఒక్కో అభిప్రాయం ఉంటుంది. అందుకే వీటిని సాహిత్యంలా చదవొచ్చని నా నమ్మకం. ఏ దళం ఎంత దూరం నడుస్తుందో చెప్పే పట్టిక కూడా ఒక వాదనే.

ఇప్పటిదాకా నేను ఆడుతూ వచ్చింది ‘బ్లాక్ పౌడర్’. రిక్ ప్రీస్ట్‌లీ, జెర్విస్ జాన్సన్ కలిసి రాసిన పుస్తకం, 2009లో వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. పాచికలు వేయకముందే ఆజ్ఞని పైకి చెప్పాలి. ‘ఈ దళం కంచె దాటి, ఎడమకి తిరిగి, ఫిరంగుల మీదికి వెళ్లాలి’ అని చెప్పి, అప్పుడు వేయాలి. పడిన అంకెని బట్టి ఆ దళం మూడు కదలికలు కదులుతుందో, ఒకటి కదులుతుందో, అసలు ఉన్నచోటే ఉండిపోతుందో తేలుతుంది. చెప్పాక మాట మార్చడానికి లేదు. ఎదురుగా కూర్చున్నవాడు విన్నాడు కదా.

ఆ ఎదురుగా కూర్చునేవాడు నా స్నేహితుడు. ఎప్పుడూ ఫ్రెంచ్ వైపే ఆడేవాడు. రెండేళ్ల కిందట డాలస్ వెళ్లిపోయాడు. వీడియో కాల్‌లో ఆడదాం అనుకున్నాం, ఒక్కసారి ఆడాం. వాడికి పొద్దున, నాకు రాత్రి. చేత్తో పట్టుకున్న ఫోను కెమెరాలో ఏది కొండో, ఏది దుప్పటి మడతో వాడికి తెలిసేది కాదు. ఆ తర్వాత బ్లాక్ పౌడర్ ఒంటరిగా ఆడి చూశాను. ఖాళీ గదిలో పైకి ఆజ్ఞలు జారీ చేస్తుంటే మొదటి పది నిమిషాలు నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది, వినేవాడు లేకపోతే ఆజ్ఞకి విలువే లేదని. పాచికలు పడ్డాక ‘నా ఉద్దేశం అది కాదులే’ అనుకోవడం ఎంత తేలికో!

ఇలాంటి ఆటకి సాక్షి కావాలన్న సంగతి పాతదే. 1824లో ప్రష్యన్ సైన్యాధికారి రైస్విట్జ్ తన ‘క్రీగ్‌ష్పీల్’ నియమాలు ప్రచురించినప్పుడు, రెండు పక్షాల మధ్య ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టాడు. ఇద్దరూ తమ ఆజ్ఞల్ని అతనికే ఇవ్వాలి. ఎవరికి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో అతనే తేలుస్తాడు. ఒంటరిగా ఆడేవాడు ఆ ముగ్గురూ తానే అయిపోవాలి. కుడిచేతికి తెలిసింది ఎడమచేతికి తెలియనట్టు నటించాలి. అన్నీ తెలిసినవాణ్ణి కూడా ఆశ్చర్యపరచగలదా అన్నదే అప్పుడు నియమాల పుస్తకానికి పరీక్ష.

షార్ప్ ప్రాక్టీస్ ఈ పరీక్షలో చాలావరకు నెగ్గింది. రిచర్డ్ క్లార్క్ రచన, టూ ఫ్యాట్ లార్డీస్ ప్రచురణ. నేనాడింది 2016 నాటి రెండో కూర్పు. నాకు మాత్రం కొత్త. ఇందులో మహా సైన్యాలుండవు. ఎనిమిదేసి మంది పదాతుల గుంపులు, వాళ్లని నడిపే కొద్దిమంది నాయకులు, అంతే. ఒక్కో నాయకుడికి ఒక్కో ముక్క. తన ముక్క వచ్చినప్పుడు అతను దగ్గరున్నవాళ్లని కదిలిస్తాడు, కాల్పిస్తాడు, బెదిరిపోయినవాళ్లకి ధైర్యం చెబుతాడు. నువ్వొక ఎత్తు, నేనొక ఎత్తు అనే చదరంగపు మర్యాద ఉండదు. ఒకే పక్షం నాయకులు వరసగా ముగ్గురు రావచ్చు. సగంమంది రాకముందే టిఫిన్ పడొచ్చు. నడకకి కూడా పాచికలే. దగ్గర్లోనే ఉందనుకున్న గోడ చేరడానికి రెండు టర్నులు పట్టొచ్చు. రెండు పక్షాల పన్నాగాలూ నా బుర్రలోనే ఉన్నా, ఏది ముందు జరుగుతుందో నాకూ తెలియదు. తెలియనట్టు నటించాల్సిన అవసరం లేకుండా చేయడమే ఈ పుస్తకం చేసిన పెద్ద మేలు.

దెబ్బల లెక్క కూడా నాకు నచ్చింది. తూటాలు తగిలితే మనుషులు పడిపోవచ్చు, లేదా ఆ గుంపు మీద ‘షాక్’ గుర్తులు పడొచ్చు. గుర్తులు పెరిగేకొద్దీ నడక మందగిస్తుంది. మనుషుల సంఖ్యని మించిపోతే గుంపు వెనక్కి జారుకుంటుంది. నాయకుడు ఆ గుర్తుల్ని తీయగలడు కానీ, ఆ మేరకు ఇంకో పని చేయలేడు. చచ్చినవాళ్ల కంటే ముందు భయపడినవాళ్లే యుద్ధాన్ని ఓడిపోతారు అని ఈ పుస్తకం వాదన. ఉపన్యాసమేమీ లేకుండా, చిన్న చిన్న గుర్తులతో అంత మాట చెప్పించింది.

నేను ఎంచుకున్న ఘట్టం 1810 జులై 24, పోర్చుగల్‌లో అల్మెయిదా కోట దగ్గర కోఆ నది. నది దాటి తూర్పున తలపడొద్దని వెల్లింగ్టన్ ముందే చెప్పినా, క్రాఫర్డ్ తన లైట్ డివిజన్‌ని తూర్పు గట్టునే ఉంచాడు. ఫ్రెంచ్ మార్షల్ మిషెల్ నే అంతకు ఎన్నో రెట్ల బలగంతో మీదపడ్డాడు. వెనక్కి వెళ్లడానికి ఉన్నది ఒక్కటే ఇరుకు వంతెన. దానికి కాపుగా ఉన్న గుట్టని బ్రిటిష్‌వాళ్లు తొందరపడి వదిలేశారు. 52వ రెజిమెంటు మనుషులు కొందరు ఇంకా దాటనే లేదు. అప్పుడు 43వ రెజిమెంటు మేజర్ మెక్‌లాయిడ్ అందుబాటులో ఉన్నవాళ్లని వెంటేసుకుని గుట్ట ఎక్కి దాన్ని మళ్లీ పట్టుకున్నాడు. చిక్కుకున్నవాళ్లు దాటారు.

నా గుట్ట రెండు నిఘంటువుల మీద పరిచిన పాత ఆకుపచ్చ దుప్పటి. వంతెన థర్మకోల్‌ది. మూడు టర్నులు బాగానే నడిచాయి. నాలుగోదానిలో ఫ్రెంచ్‌వాళ్లు గుట్ట ఎక్కేశారు. 52వ వాళ్లకి దారి మూసుకుపోతోంది. మెక్‌లాయిడ్ ముక్క రావాలి. జెండా ముక్కలని ఇంకొన్ని ఉంటాయి, నాయకుడి ముక్క రాకపోయినా అవి పోగైతే కొంత నెట్టుకురావచ్చు. అవీ పడలేదు. పడింది టిఫిన్.

దాన్ని కట్ట మధ్యలోకి దోపి మళ్లీ తీశాను. రెండో ముక్కకే మెక్‌లాయిడ్ వచ్చాడు. గుట్ట చేతికొచ్చింది, 52వ వాళ్లు వంతెన దాటారు, అంతా అచ్చం 1810లో జరిగినట్టే జరిగింది. ఓ ఐదు నిమిషాలు చాలా సంతోషంగా ఉన్నాను. తర్వాత బల్లకి అటువైపున్న ఖాళీ కుర్చీ మీద చూపు పడింది. వాడుంటే ‘తొండి!’ అని అరిచి ముక్క లాక్కునేవాడు. వాడి సైన్యం గెలవబోతోంది, వాడు లేడు, అందుకే చేశాను.

అసలెందుకు చేశాను? పుస్తకం పేరు నెపోలియన్ యుద్ధాల మీద బెర్నార్డ్ కార్న్‌వెల్ రాసిన నవలల కథానాయకుడు షార్ప్‌ని గుర్తుచేస్తుంది. మామూలు ఇంగ్లీషులో ఆ మాటకి, మోసమని పట్టుకోలేని, నిజాయితీ అనీ అనలేని చాకచక్యం అని అర్థం. నాకు ఈ యుద్ధాలు పరిచయమైందే అలాంటి ఇంగ్లీషు నవలల్లోంచి, ఇంగ్లీషు సైనికుడి భుజం మీద నుంచి. అందులో ఆకుపచ్చ కోటు వేసుకున్నవాడు ఎలాగోలా తప్పించుకుంటాడు. ఆ రాత్రి నేను కాపాడుకున్నది 52వ రెజిమెంటుని కాదు, ముందే తెలిసిన కథకి ముందే తెలిసిన ముగింపుని. ఆ ముగింపుని లాగేసుకోవడానికే ఆ ముక్క కట్టలో ఉంది. పుస్తకం తన పని తాను చేసింది. నేనే చేయనివ్వలేదు.

పుస్తకం తప్పు ఇంకోచోట ఉంది. నాయకులకి పేరుంటుంది, హోదా ఉంటుంది, ముక్క ఉంటుంది. మిగతావాళ్లు ఎనిమిది అనే ఒక అంకె. ఇక ఆ టిఫిన్. మనకి ఇడ్లీ, దోసె, ఉప్మా. ఆ మాట మాత్రం ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ల నోట మధ్యాహ్నపు తేలికపాటి భోజనంగా పెరిగింది. యుద్ధం మధ్యలో దొరలు లేచి భోజనానికి వెళ్తారన్నది ఇక్కడ జోకు. జోకు బాగానే పేలింది, నేనూ నవ్వాను. కానీ వెల్లింగ్టన్ పోర్చుగల్‌కి రాకముందు ఇక్కడే పేరు తెచ్చుకున్నాడు: 1799లో శ్రీరంగపట్నం, 1803లో అస్సాయే. రెండుచోట్లా అతని వైపు మద్రాసు సిపాయిలు ఉన్నారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు, అది మన తెలుగు నేల పేరే. ఇంత కథ ఉన్న ఆ మాట ఈ కట్టలోకి వచ్చేసరికి వట్టి చమత్కారమై కూర్చుంది. ఎవరి ముక్కా రాని ఆ ఎనిమిదిమందిలో మనవాళ్లు కూడా ఉండి ఉంటారు అన్న ఆలోచన ఈ ఆట నాలో రేపలేదు, నేనే తెచ్చుకోవాల్సొచ్చింది.

అయినా ఒంటరిగా ఆడాలనుకునేవాళ్లకి నేను ఈ పుస్తకమే చెబుతాను. మనకి తెలియనిది ఏదో జరగనిస్తుంది. జరిగాక ఒప్పుకుంటామా లేదా అన్నది మాత్రం మనకే వదిలేస్తుంది. ఆ రెండోది ఏ పుస్తకమూ చేసిపెట్టలేదు.

మర్నాడు ఫోనులో ఉన్న ఫొటో చూసి బొమ్మల్ని ఆ నాలుగో టర్నులో ఎక్కడున్నాయో అక్కడే పెట్టాను. టిఫిన్ పడినట్టే ఒప్పుకుని ఆడాను. గుట్ట ఫ్రెంచ్‌వాళ్లకే ఉండిపోయింది. 52వ వాళ్లలో వంతెన దాటింది ఒక్క గుంపు. ఫొటో తీసి వాడికి పంపాను, నువ్వు గెలిచావని. జరిగింది కూడా చెప్పాను. సాయంత్రానికి జవాబొచ్చింది: ‘నేను లేనప్పుడు గెలిపించినా తొండే రా.’

వచ్చే శనివారం మళ్లీ ఆడుతున్నాం. ఫోనుకి స్టాండు కొన్నాను. బొమ్మలు నా బల్ల మీద, కట్ట డాలస్‌లో వాడి చేతిలో. టిఫిన్ ఎప్పుడు పడిందో వాడే చెప్తాడు.